పంటు మీద బీరువా

రాజమండ్రి,
6 జూలై 2025

పూజ్యురాలైన మేనత్త శ్యామలాంబగారి పాదపద్మములకు,

ముందుగా క్షమాపణలు. ఇన్నాళ్ళూ ఉత్తరం రాయనందుకు, ఇప్పుడు రాస్తున్నందుకు, ఇది చదివేలోగా చల్లారిపోబోయే మీ కాఫీకి, దీన్ని మోసుకొచ్చే పోస్ట్‌మాన్ చంద్రరావుగారి మోకాళ్ళకి, తెలుగు సాహిత్యానికి, ఉభయ గోదావరి జిల్లాల ప్రజలకి, మొగల్తూరు పంచాయతీకి, పేరుపేరునా క్షమాపణలు. వీటిలో ఏ ఒక్కదానికీ నేను నిజంగా బాధపడటం లేదని కూడా మనవి. బాధపడదామని ప్రయత్నించాను. రాలేదు.

"ఫోన్లో నువ్వు ఊ అంటావు తప్ప ఇంకేం అనవు. కాగితం మీద ఊ అని రాసి పంపలేవుగా, ఉత్తరం రాయి" అని తమరు ఆజ్ఞాపించారు. పంపగలను అత్తయ్యా. ఒక్క ఊ రాసి కవరులో పెట్టి, అంటించేదాకా వచ్చాను. స్టాంపు దండగని ఆగాను.

విశేషాలు ఏమీ లేవు. జోగేశ్వరరావుగారి ఫ్లెక్సీ షాపులోనే మేటరు రాస్తున్నాను. పొద్దున్న పుట్టినరోజు, మధ్యాహ్నం ఓణీల ఫంక్షను, సాయంత్రం శ్రద్ధాంజలి. "మీరే మా ధైర్యం" అని రాసిన చేత్తోనే "మీరు లేని లోటు తీరనిది" అని రాసి టీ తాగుతాను. అన్నిటికీ ఒకటే మొహం.

కథల సంగతి అడిగారు. కిందటేడు పోటీలో మొదటి బహుమతి ఇచ్చి నాకు శాలువా కప్పారు కదా. ఆ కప్పిన దగ్గర్నుంచి లోపలెక్కడో తిమ్మిరెక్కింది. కూర్చుంటాను. ఒక వాక్యం వస్తుంది. దాన్ని నాలోని బహుమతి గ్రహీతగారు పైనుంచి చూసి "ఫర్వాలేదు" అంటారు. రెండో వాక్యం రాదు. డిగ్రీలో వెనక బెంచీలో కథలు రాసుకునేటప్పుడు నాలో నేనే నవ్వుకుంటుంటే లెక్చరరుగారు క్లాసు బయటికి పంపేవారు. ఇప్పుడు నన్నెవరూ బయటికి పంపడం లేదు. సంతోషం లేదు. పోనీ దుఃఖమూ లేదు. దుఃఖం ఉంటే కనీసం దాని మీద ఒక కథ రాసుకునేవాణ్ణి.

ఎడిటరుగారు దీపావళి సంచికకి కథ అడిగారు. "మొన్నటిలాంటిదే కావాలి బాబూ. గోదావరి ఉండాలి, చివర్లో కళ్ళు చెమర్చాలి" అన్నారు. ఫ్లెక్సీ ఆర్డరైనా ఇంత వివరంగా ఎవరూ ఇవ్వరు.

సాక్ష్యంగా రెండు కథల శవాలు జతపరుస్తున్నాను. మొదటిది: నరసాపురం రేవులో, గోదావరి దాటించే పంటు మీదికి కొత్త బీరువా ఒకటి ఎక్కుతుంది. కూడా ఎవరూ లేరు. అందరూ చూస్తుంటారు. పంటు నది మధ్యకు వచ్చేసరికి నాకే విసుగొచ్చి ఆపేశాను. రెండోది: ఒకాయన ఫ్లెక్సీ షాపుకొచ్చి తన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ తానే ఆర్డరిస్తాడు. "ఫోటోలో నవ్వమంటారా?" అని అడుగుతాడు. ఏం చెప్పాలో నాకూ తెలియలేదు. అక్కడితో అదీ పోయింది.

తమరు పరిశీలించి, నేను రచయితగా ముగిసిపోయానని ధ్రువీకరించి పంపగలరు.

ఇట్లు,
తమ విధేయ మేనల్లుడు
గణేష్‌బాబు
(ప్రథమ బహుమతి గ్రహీత, ప్రస్తుతం మూసి ఉన్నది)

—

మొగల్తూరు,
14 జూలై 2025

చిరంజీవి గణేషుకి మేనత్త దీవించి రాయించేది.

రాసేది సారిక. (నేనేనండి. పక్కింటి సూరమ్మగారి మనవరాలిని, డిగ్రీ రెండో సంవత్సరం. మామ్మగారు చెప్పింది చెప్పినట్టే రాస్తాను. నా మాటలు ఇలా బ్రాకెట్లో పెడతాను.)

ఏంట్రా ఆ తమరు, ఆ పాదపద్మాలు? నీ చీమిడి ముక్కు తుడిచింది ఈ చేతుల్తోనే. ఆ చేతులకే ఇప్పుడు బెల్టు కట్టారనుకో. ఇన్నేళ్ళు లేసు అల్లీ అల్లీ మణికట్టులో నరం నలిగిందంట. భీమవరం డాక్టరు సూది పట్టనే పట్టొద్దన్నాడు. వేళ్ళున్నాయి, ఉన్నట్టు తెలీదు. అంతే, కంగారేం లేదు.

నీ కథల పువ్వులు రెండూ అందాయి. మంచి పువ్వులే. మంగళవారం మధ్యాహ్నం సూరమ్మ అరుగు మీద అందరూ లేసు పట్టుక్కూర్చుంటే నేను చదివాను. వాళ్ళ చేతులకి పని, కళ్ళకి పని, చెవులు ఖాళీయే కదా. ఎక్కడ ఆపాలో అక్కడ ఆపి, అతకడానికి వీలుగా అంచులు భలే వదిలావురా. ఒక్కళ్ళే దుప్పటంతా అల్లాలంటే ఎవరివల్ల అవుతుంది? మా దగ్గరా పువ్వులు అల్లేవాళ్ళు వేరు, అతికేవాళ్ళు వేరు. సూరమ్మది మొదట్నుంచీ అతుకు పనేగా. అతికేసింది.

"బీరువా కూడా ఎవరూ రాలేదంటాడేంటే మీవాడు? తాళం ఎవరి బొడ్లో ఉందో ఆవిడ తర్వాతి పంటులో వస్తది" అంది.

"మరి ఆ ఫ్లెక్సీ ఆయనో?" అంది పక్కనే అల్లుతున్న బుజ్జమ్మ.

"ఆయనే ఆవిడ మొగుడు. పోతే ఎవరేడుస్తారో చూద్దామని బతికుండగానే దండేసిన ఫోటో రేవులో కట్టించాడు. ఆవిడ పంటు దిగి చూసింది. ఏడ్చిందా? ఏడవలేదు. బీరువా తలుపు తీసి, చీరలన్నీ బయటెట్టి, ఆయన్ని లోపలికెక్కించి తాళమేసింది."

"ఊపిరాడదు పిన్నీ!"

"సందులుంటాయిలే. సాయంత్రం తీస్తది."

బుజ్జమ్మ నవ్వు ఆపుకోలేక కుట్లు లెక్క తప్పి ఒక వరసంతా విప్పుకుంది. (నవ్వింది మామ్మగారు కూడానండి. ఆ మొగుడు బీరువాలోంచి అరిచినట్టు గొంతు మార్చి మరీ వినిపించారు.)

ఇంకా ఉంటే పంపు. నేను చదువుతాను, ఇది అతుకుతుంది. వేళకి తిను.

అత్తయ్య

—

రాజమండ్రి,
23 జూలై 2025

అత్తయ్యగారికి, మరియు సూరమ్మ అండ్ కో వారికి,

ఇందుమూలముగా తెలియజేయునది. పంటు మీద ఉన్న సదరు బీరువా నా బీరువా. దానికి ఎవరూ లేకపోవడం అనేది నేను నెలన్నర కూర్చుని చేసిన ఏర్పాటు. అందులో ఒంటరితనం ఉంది. మీరు తీసుకెళ్ళి మొగుణ్ణి పెట్టారు. రెండు వేర్వేరు శవాలకి పెళ్ళి చేసి, సాయంత్రానికి కాపరం పెట్టించారు. పోస్టుమార్టం అడిగితే ఇలాగా చేసేది?

కావున నేటి నుంచి నా కాగితాలు అరుగు మీద చదవరాదు. అతకరాదు. పాత్రలను లోపల పెట్టి తాళం వేయరాదు. ఉల్లంఘించిన వారిపై చర్యలు తీసుకోబడును. ఏ చర్యలో తర్వాత ఆలోచిస్తాను.

మీ ఉత్తరం చదువుతుంటే గుండెల్లో కాస్త మండినట్టు అనిపించింది. చాలా రోజులకి ఏదో అనిపించింది కదా అని ఆశపడ్డాను. తర్వాత చూస్తే సాయంత్రం తిన్న మిరపకాయ బజ్జీ.

ఇట్లు,
గాయపడిన రచయిత
గణేష్‌బాబు

—

మొగల్తూరు,
2 ఆగస్టు 2025

చిరంజీవి గణేషుకి,

అలాగే నాన్నా. చదవను. నీ కాగితాలు రెండూ మడతపెట్టి దేవుడి గూట్లో పెట్టాను. కనపడకూడని అతుకు నీకు కనిపించి ఉంటుంది. నిన్ను అడక్కుండా చెయ్యడం తప్పే.

వర్షాలు పడుతున్నాయంట అక్కడ. గొడుగు పట్టుకెళ్ళు.

అత్తయ్య

—

రాజమండ్రి,
11 ఆగస్టు 2025

పూజ్య అత్తయ్యగారికి,

మీ తీర్పు అందింది. నా నోటీసుకి లొంగిన మొదటి వ్యక్తిగా మీ పేరు చరిత్రలో ఉంటుంది. మా ఇంటి ఓనరుకి ఇలాంటివి ఆరు ఇచ్చాను, ట్యాంకు మాత్రం కడిగించలేదు. అయినా మరీ నాలుగు ముక్కల్లో తేల్చేశారు. శ్రావణ మాసం కదా, లేసు ఆర్డర్ల ఒత్తిడిలో ఉన్నారని గ్రహించాను. బ్రాకెట్లు కూడా మాయమయ్యాయి. సారికగారికి పరీక్షలేమో.

ఇక్కడి వార్త ఒకటే. మొన్న ఒక పెద్దాయన సంతాప సభకి ఫ్లెక్సీ రాశాను. దండ, దీపం, పైన మబ్బులు, అన్నీ కుదిరాయి. కింద మాత్రం "మీరు నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని కోరుకుంటూ" అని పొద్దున్నటి పుట్టినరోజు మేటరు వచ్చేసింది. ఆర్డరిచ్చినవాళ్ళూ చూడలేదు, నేనూ చూడలేదు. సెంటర్లో కర్రలకి కట్టాక ఊరంతా చూసింది.

"ఏంటి బాబూ, పోయినాయన్ని ఇంకో వందేళ్ళు బతకమన్నావు?" అన్నారు జోగేశ్వరరావుగారు.

"అన్నీ చూసుకునే రాశానండి" అన్నాను. నిజమే. చూశాను. ఏదీ లోపలికి దిగలేదు.

ఎడిటరుగారు మళ్ళీ ఫోన్ చేశారు. "రాస్తున్నానండి" అన్నాను. ఏమీ రాయడం లేదు. రాయనందుకు భయమూ వెయ్యడం లేదు. అది ఒక్కటే కొంచెం భయంగా ఉంది.

ఇట్లు,
గణేష్‌బాబు

—

మొగల్తూరు,
19 ఆగస్టు 2025

గణేష్‌బాబు గారికి,

ఇది సారిక రాస్తున్నది. మామ్మగారికి తెలియదు. ఈసారి అంతా నా మాటే కాబట్టి బ్రాకెట్లు పెట్టడం లేదు.

నాకు పరీక్షలేమీ లేవండి. ఆ రోజు మామ్మగారు చెప్పింది రాసేసి, ఇంకేం కలపాలో తెలియక ఊరుకున్నాను.

లేసు ఆర్డర్ల ఒత్తిడి అని రాశారు. మామ్మగారు కథలు తానే చదివినా ఉత్తరాలు నా చేతే చదివించుకుంటారు. మీ ఉత్తరం పైకి చదువుతూ ఆ మాట దగ్గర నేను మింగేసి కింది లైన్లోకి దూకేశాను. ఆవిడ సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచీ సూది పట్టలేదు. బెల్టు సంగతి మొదటి ఉత్తరంలోనే నా చేత్తో రాశాను. మీరు చదివారు కూడా.

సూది లేకుండా మా అరుగు మీద కూర్చోవడం ఆవిడకి ఎలా ఉండేదో మీకు తెలియదు. ఎవరూ ఏమీ అనరు. కానీ అందరి చేతులూ ఆడుతుంటే ఈవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని, పేరంటానికొచ్చినావిడలా చివర కూర్చునేవారు. కాసేపటికి "పొయ్యి మీద పాలున్నాయి" అని లేచిపోయేవారు. పాలు ఉండేవి కావు. మీ కాగితాలొచ్చిన రోజు మాత్రం "జరగండే, చదివేదాన్ని, మధ్యలో కూర్చోవాలి" అని అందర్నీ జరిపించి కూర్చున్నారు. ఆ వారమంతా మధ్యలోనే కూర్చున్నారు.

మీ నోటీసు వచ్చాక అరుగెక్కలేదండి. మా మామ్మ వెళ్ళి పిలిచింది. "వాడికి ఇష్టం లేదు సూరమ్మా. నేనొచ్చి ఏం చెయ్యను?" అన్నారు. నేను మాత్రం అది జోకని చెప్పాను. "జోకులోనే కదే మనిషి అసలు సంగతి చెప్పేది" అన్నారు.

మీరు జోకే వేసి ఉంటారు. అది నిజంగా జోకైతే ఆ సంగతి జోకు లేకుండా రాయండి.

సారిక

—

రాజమండ్రి,
31 ఆగస్టు 2025

అత్తా,

నోటీసు రద్దు. అది ఉత్తుత్తిదే. బీరువా నీది, మొగుణ్ణి ఉంచుకో.

దీంతోపాటు ఇంకో కథ పంపుతున్నాను. బస్సు కథ. ఇది కూడా ఎప్పటిలాగే మధ్యలో కూలబడింది. నావల్ల కాలేదు. తర్వాత సంగతి నువ్వూ సూరమ్మగారూ చూసుకోండి. అరుగు మీద, మధ్యలో కూర్చుని, గొంతు మార్చి చదువు.

చెయ్యి ఎలా ఉందో రాయించు. ఈసారి సరిగ్గా చదువుతాను.

గణేషు

—

మొగల్తూరు,
12 సెప్టెంబరు 2025

చిరంజీవి గణేషుకి మేనత్త దీవించి రాయించేది.

నీ ఉత్తరం సారిక చదువుతుంటే కళ్ళు తుడుచుకున్నాను. (ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు.) ముందు చెయ్యి సంగతి. తిమ్మిరి అలాగే ఉంది. అప్పుడప్పుడు బొటనవేలు చురుక్కుమంటోంది. డాక్టరుకి చెబితే మంచిదేనన్నాడు. ఏమీ తెలియనప్పుడే నయం, తెలివి వచ్చేటప్పుడే సూదులు గుచ్చినట్టుంటుంది. ఇదేం మంచో.

ఇక నీ బస్సు. ఆ రోజు అరుగు మీద ఎంత గొడవైందనుకున్నావు! డ్యాం కింద పోయిన ఊరి పేరు బోర్డు మీద ఇంకా అలాగే ఉందనీ, ఒక ముసలావిడ ఎక్కి ఆ ఊరికే టికెట్టడిగిందనీ చదివానా, అందరి చేతులూ ఆగిపోయాయి. లేసు పట్టిన చేతులు ఆగడం నేను చూళ్ళేదురా. "ఊరు లేదు కదమ్మా" అని కండక్టరన్నాడు. "ఊరు లేకపోతే నీ బస్సుకి ఆ బోర్డెందుకు?" అని ఆవిడంది. "కండక్టరు టికెట్ల మిషను చేతిలోకి తీసుకుని" అని, అంతే. మాట కూడా పూర్తవకుండా కాగితం అయిపోయింది.

"ఇదేంటే, పువ్వు సగంలో దారం తెంపేశాడు?" అంది సూరమ్మ. కవర్లోంచి ఏదైనా జారిపోయిందేమోనని చంద్రరావుని పట్టుకుని నిలదీసింది. పాపం, సంచీ తిరగేసి దులిపి చూపించాడు.

తర్వాత రెండు రోజులు అతుకు మీదే తగువు. సూరమ్మేమో బస్సు టాపు మీద బీరువా ఎక్కించాలంటుంది. "నీకు బీరువా తప్ప ఇంకోటి రాదా?" అని బుజ్జమ్మ. "మొగుడు అందులోనే ఉన్నాడే, వదిలేసి పోతామా?" అని సూరమ్మ. చివరికి అతికింది ఎవరో తెలుసా? నేనే. ఇన్నేళ్ళూ పువ్వులు అల్లానే తప్ప అతుకు ఎన్నడూ వెయ్యలేదు. బస్సులో ఎవరు దిగుతుంటే ఆ ముసలావిడ వాళ్ళ వెనకాలే దిగుతుందిరా. వాళ్ళింట్లో ఆ పూట ఉంటుంది. మర్నాడు మళ్ళీ బస్సెక్కి అదే టికెట్టు అడుగుతుంది. కండక్టరు మళ్ళీ లేదంటాడు. ఇంకొకరి వెనకాల దిగుతుంది. అలా లైన్లో ఉన్న ఊళ్ళన్నీ ఆవిడవే అవుతాయి.

"అయితే ఆ బీరువా ఏ ఊళ్ళో దింపను?" అంది సూరమ్మ. నవ్వీ నవ్వీ అందరం కాసేపు పనికిరాకుండా పోయాం.

నువ్వైతే ఏం రాసేవాడివి? నిజంగానే తట్టలేదా? ఈసారి అల్లిక బిగువుగా ఉందిరా. ఇలా బిగువుగా అల్లిన చెయ్యి ఊరికే వదిలెయ్యదే, అని నాకనిపించింది. పోనీలే. ఇంకోటి పంపు.

అత్తయ్య

(బీరువాని బస్సెక్కించాలని నా ఓటు కూడానండి. సారిక.)

—

రాజమండ్రి,
21 సెప్టెంబరు 2025

అత్తా,

జూలైలో చెప్పిన క్షమాపణలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. తెలుగు సాహిత్యం తన క్షమాపణ తిరిగి పంపించేయాలి. మొగల్తూరు పంచాయతీ కూడా. చంద్రరావుగారిది మాత్రం ఆయన దగ్గరే ఉండనీ, ఆయనకి అది నిజంగానే బాకీ పడ్డాను. ఎందుకో కింద రాస్తాను.

నీ అతుకు చదివాను. నాలుగుసార్లు. టీ తాగొచ్చి ఐదోసారి చదివాను.

ఎడిటరుగారికి కథ లేదని చెప్పేశాను. "ఒకటి రాశానండి గానీ అందులో గోదావరి లేదు, అంతా బస్సే" అన్నాను. "చివర్లో కళ్ళు చెమరుస్తాయా?" అన్నారు. "చివరంటూ లేదండి" అన్నాను. ఆయన ఆరోగ్యం చూసుకోమన్నారు.

బాగైపోయాననుకోకు. నిన్న కూర్చున్నాను, ఏమీ రాలేదు. ఇవాళా రాలేదు. పొద్దున్న పుట్టినరోజుకి, సాయంత్రం శ్రద్ధాంజలికి మొహం ఒక్కటే. బహుమతి గ్రహీతగారు ఇంకా పైనే కూర్చున్నారు. కాకపోతే నీ బొటనవేలు సంగతి చదివాక నేనూ అప్పుడప్పుడు నొక్కి చూసుకుంటున్నాను, ఎక్కడైనా చురుక్కుమంటుందేమోనని.

ఒక్కసారి చురుక్కుమంది. అది చెప్పాలి.

సారిక నీకు చెప్పకుండా నాకో ఉత్తరం రాసింది, కోప్పడకు. అది అందిన మర్నాడు షాపులో కౌంటరు మీదే మొదలుపెట్టాను. బహుమతి గ్రహీత కోసం కాదు, ఎడిటరుగారి కోసం కాదు. మధ్యాహ్నం నువ్వు అరుగు మధ్యలో కూర్చుని, ముసలావిడ గొంతు పెట్టి చదువుతావు కదా, ఆ గొంతుకి సరిపడేలా ఒక్కో మాట పెట్టుకుంటూ పోయాను. "ఊరు లేకపోతే నీ బస్సుకి ఆ బోర్డెందుకు?" అన్నది వచ్చినప్పుడు నువ్వు అన్నట్టే వినపడింది. ఫక్కున నవ్వాను. ఎదురుగా శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కోసం తండ్రి ఫోటో పట్టుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు.

"ఏంటి బాబూ అది! లే, లేచి బయటికెళ్ళు" అన్నారు జోగేశ్వరరావుగారు.

ఇన్నేళ్ళకి మళ్ళీ నన్ను బయటికి పంపారు అత్తా.

ఎదురుగా బజ్జీల బండి పక్కన బల్ల మీద కూర్చుని మిగతాది రాశాను. మర్నాడు మళ్ళీ లేదు. ఆ ఒక్క సాయంత్రమే. కానీ ఉంది.

నువ్వడిగావు, నిజంగానే తట్టలేదా అని. తట్టింది. ఆ కథ మధ్యలో కూలబడలేదు. ఆ బల్ల మీదే పూర్తయింది, మంచి ముగింపే, ఎడిటరుగారైతే కళ్ళు తుడుచుకునేవారు. అందులో ఏముందో మాత్రం చెప్పను. చెబితే సూరమ్మగారు విప్పి మళ్ళీ అతుకుతారు. మడిచి కవరులో పెట్టబోయాను. ఇది మొత్తం పంపితే నువ్వు చదువుతావు, వాళ్ళు అయ్యో అంటారు, ఎవరి లేసు వాళ్ళు చూసుకుంటారు, నువ్వు పాలున్నాయని లేచిపోతావు, అనిపించింది.

అందుకని, చంద్రరావుగారి సంచీలోంచి ఏమీ జారలేదని సూరమ్మగారికి చెప్పు. ఇన్ని ఉత్తరాల్లో ఇన్ని క్షమాపణలు చెప్పాను గానీ నేను నిజంగా చేసింది ఒక్కటే. చివరి కాగితం నేనే చింపి, దాని మీద బజ్జీలు పెట్టించుకుని తినేశాను.

గణేషు